శరత్తున మన్యపుటింటి యరుగు

ఇంటికి అరుగు ముఖమువంటిది. వచ్చినవారు మొదట చూచునది దానినే. ఇంటివారు తీరిక దొరికినప్పుడెల్ల కూర్చుండునది దానిమీదనే. వానకాలము వెడలి, ఆశ్వయుజమాసమున ఆకాశము తేటపడగానే, అరుగును గుమ్మమును కొత్తగా తీర్చవలెనని గృహిణికి తోచుట సహజము. ఈ కోరిక అన్ని దేశములయందును గలదు. అమెరికాలో అక్టోబరునెల వచ్చుసరికి ఇంటి మెట్లమీద గుమ్మడికాయలు పేర్చి, స్తంభములకు ఎండిన మొక్కజొన్న దంట్లు కట్టి, తలుపునకు పండుటాకుల దండ తగిలింతురు. జపానులో శరత్కాలపు నిండుచంద్రుని చూచు రాత్రి వసారాలో రెల్లుజాతి గడ్డిపూలను కలశమున నుంచి, ప్రక్కన పిండివంటలు పెట్టుదురు. మన తెలంగాణమున తంగేడుపూలు, గునుగుపూలు ముంగిటికి తెచ్చి బతుకమ్మను పేర్చుదురు. ఋతువు మాఱినదని ఇల్లు చెప్పవలెననుటయే వీనియన్నింటి భావము.

నేటి ప్రసంగమున మన తూర్పుకనుమలలో, అరకులోయ చుట్టుపట్ల, గిరిజనులు ఈ ఋతువున తమ యింటి ముంగిలిని ఎట్లు తీర్చుకొందురో, అందుండి తక్కినవారము గ్రహింపదగినదేమో మనవి చేసెదను. ముందుగా ఒక్కమాట. ఆ కొండలలో అలంకారము వేఱు, మరమ్మతు వేఱు గావు. ఆ రెండును ఒక్కచేతితో, ఒక్కమన్నుతో, ఒక్కదినముననే జరుగును. ఈ సంగతి తెలిసికొన్నచో తక్కినదంతయు దానంతట అర్థమగును.

అరకులోయ విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఇది పాడేరు ముఖ్యపట్టణముగాగల అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు, ఖోండులు మున్నగు పలుతెగలవారు ఈ లోయలోను, చుట్టునున్న కొండలపైనను నివసింతురు. ఒక్కొక్క తెగకు, ఒక్కొక్క ఊరికి ఇల్లు కట్టుకొను పద్ధతిలో కొంత భేదము గలదు. ఐనను మట్టిగోడ, పూరికప్పో పెంకుకప్పో, ముందుకు దిగిన చూరు, దానిక్రింద మట్టి యరుగు — ఇవి పాతయిండ్లలో తఱచుగా కనబడును.

శరత్తు అనగానే పాశ్చాత్యుల మనస్సునకు తోచునది ఆకురాలుట. వారి యలంకారమంతయు ఎఱ్ఱని ఆకులతో, పసుపువన్నె ఆకులతో జరుగుటకు కారణమదియే. మన కొండలలో ఆకురాలు కాలము మాఘ ఫాల్గుణములు. కొండపై ఎఱ్ఱని ఆకు చూడవలెనన్నచో వసంతమువఱకు ఆగి, పుసుగుచెట్టు కొత్తచివురును చూడవలెను. శరత్తున ఇక్కడి అడవి ఇంకను పచ్చగానే యుండును. వన్నె మాఱునది అడవి కాదు, పొలము. లోయలో వరి పండబాఱును. మెట్టలమీద సామలు, చోళ్లు కోతకు వచ్చును. వాలుపొలములలో వలిసెలు పూచి కొండచఱియకు పసుపు పూసినట్లుండును. కావున మన్యమున శరదలంకారము ఆకులది గాదు. మన్నుది, ధాన్యముది, పూవుది.

మొదట మన్నుమాట చెప్పవలెను. జ్యేష్ఠమునుండి నాలుగునెలలపాటు కురిసిన వాన మట్టిగోడను అనేకవిధముల బాధించును. చూరునుండి పడిన నీరు నేలను తాకి మఱల చింది, గోడ యడుగుభాగమును కోసివేయును. ఈదురుజల్లు గాలివైపు గోడ పూతను కరగించును. వాన వెలిసి ఎండ కాయగానే తడిసిన మన్ను బిగిసి నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలలో చెదలు చేరును, తేళ్లు చేరును. అరుగు అంచులు విఱిగి గుండ్రపడును. దసరా వెడలినతరువాత ఎండ నిలిచిన నాలుగుదినములు చూచుకొని, వీనినన్నింటిని సరిచేయక తప్పదు. ఆ పనియే అలంకారమునకు పునాది.

కావలసిన వస్తువు దూరమున లేదు. తూర్పుకనుమలలో విస్తారముగా నున్న ఒక రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరు పెట్టిరి. ఈ కొండలలో నివసించు ఖోండుల పేరే ఆ రాతికి వచ్చినది. ఈ రాయి యుగములతరబడి ఎండకు వానకు శిథిలమై ఎఱ్ఱమన్నుగా మాఱుచున్నది. అందులోని ఇనుము తుప్పువలె మాఱుటచేత ఆ యెఱుపు కలిగినది. ఇనుపతుప్పు వన్నె ఎండకు వెలిసిపోవునది గాదు; కావుననే ఎఱ్ఱమన్ను పూసిన గోడ వాన తగులనిచోట ఏండ్లు గడచినను వన్నె తగ్గదు. తెలుపునకు సుద్దమన్నును, నలుపునకు బొగ్గుపొడినో కాల్చిన గడ్డి మసినో వాడుదురు. ఇంటికి నాలుగడుగుల దూరమున దొరకని రంగు ఒక్కటియు ఇందు లేదు.

పూత మన్ను తయారుచేయు విధానము మైదానవాసులకును పనికివచ్చును గనుక కొంచెము విపులముగా చెప్పెదను. త్రవ్వితెచ్చిన మన్నును మొదట పరీక్షింపవలెను. గుప్పెడు మన్ను తడిపి, వ్రేలంత లావున కడ్డీగా చేసి నీడను ఆరనీయుడు. ఆరినపిమ్మట నెఱ్ఱెలు విచ్చినచో అందు బంక యెక్కువ, ఇసుక కలుపవలెను. చేతబట్టగనే పొడియైనచో బంక తక్కువ, చెఱువుమన్ను కలుపవలెను. ఈ రెండు దోషములును లేని మన్నులో సన్నగా తఱిగిన వరిగడ్డియో ఊకయో కలిపి, నీరుపోసి, నాలుగైదు దినములు నానవేసి, దినదినము త్రొక్కవలెను. గడ్డి మురిగిన కొలది మన్నునకు జిగి వచ్చును. గడ్డిపోచలు నారవలె నిలిచి, ఆరునప్పుడు గోడ పగులకుండ పట్టియుంచును.

పనిదినమున గోడమీద వదులైన పాతపూతను గీకివేసి, నీరు చల్లి, నెఱ్ఱెలను ఈ మన్నుతో గట్టిగా పూడ్చవలెను. పొడిగోడపై తడిమన్ను నిలువదు. ఆరగనే అట్టలుగా ఊడిపడును. మొదటిపూత పలుచగావేసి ఆరనిచ్చినచో సన్నని బీటలు కనబడును. అందులకు భయపడవలదు. మఱల తడిపి, జల్లించిన మన్నును ఆవుపేడను కలిపి రెండవపూత వేసినచో అవి మూసికొనును. చిట్టచివర ఎఱ్ఱమన్నును పలుచగా కలిపి, బట్టకుచ్చుతో అలికి, పచ్చిగా నుండగనే నున్నని గులకరాతితో రాచినచో అరుగు అద్దమువలె నగును. రాచుటవలన సందులు మూసికొని, నీరు త్వరగా ఇంకదు. నిగనిగయు రక్షణయు ఒక్కరాతితోనే కలుగుచున్నవి.

గోడయడుగున మూరెడు వెడల్పున వేఱొక రంగుతో పట్టె తీర్చుట పలుయిండ్లలో చూడవచ్చును. చూచువారికి అది చీర అంచువలె నుండును. అది కేవలము సొగసునకని తలంపరాదు. చూరునీరు చిందిపడునది సరిగా ఆ యెత్తువఱకే. ఆ భాగము ఏటేట చెడును, ఏటేట పూయవలసివచ్చును. అచ్చట ముదురురంగు పట్టె యున్నచో మరక కనబడదు, మరమ్మతు చేసిన గుఱుతు కనబడదు, గోడయంతయు మఱల పూయు శ్రమ తప్పును. ఎవరో ఒక వివేకవతి అవసరమునకు వేసిన పట్టె క్రమముగా అందమైన ఆచారముగా మాఱియుండునని ఊహింపవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ పనిలో అధికభాగము స్త్రీలదే. మన్ను త్రవ్వుట, మోయుట, త్రొక్కుట, అలుకుట వారే చేయుదురు. మంచిమన్ను కొఱకు గట్టు క్రిందిభాగమును గుహవలె తొలుచుచు లోనికి పోవుట మిక్కిలి ప్రమాదకరము. వానకు నానియున్న పైమన్ను ఒక్కసారిగా విఱిగిపడినచో లోపలివారు బయటపడలేరు. మన్నును పైనుండి మెట్లుమెట్లుగా త్రవ్వవలెను, ఒంటరిగా పోరాదు, పిల్లలను గోతిదగ్గఱకు రానీయరాదు. ఇంటి అందముకొఱకు ప్రాణము నొడ్డవలసిన పని లేదు.

ముగ్గుమాట అందఱకును తెలిసినదే గనుక విస్తరింపను. బియ్యపుపిండితో వేసిన ముగ్గు చీమలకు ఆహారమగును. రాతిపొడి ముగ్గు గాదు. ఐతే బొమ్మలనుగూర్చి ఒక సంగతి చెప్పవలెను. శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాల కొండలలోను, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను నివసించు సవరలు ఎఱ్ఱమన్ను పూసిన గోడపై బియ్యపుపిండి నీళ్లతో, చివర నలిపిన పుల్లతో మనుష్యులను, జంతువులను, చెట్లను, సూర్యచంద్రులను చిత్రింతురు. చూడముచ్చటగా నుండుటచేత నేడవి పట్టణములలో గోడలమీదికిని, వస్త్రములమీదికిని ఎక్కినవి. కాని సవరలకు అవి వీథి యలంకారములు గావు. వెరియర్ ఎల్విన్ సవరల మతమునుగూర్చి 1955లో ప్రకటించిన గ్రంథమున వీనిని సవిస్తరముగా వర్ణించెను. పితృదేవతలకును ఇతర దేవతలకును ఇంటిలోపలి గోడపై కట్టియిచ్చిన నివాసములవంటివి యవి. రోగము వచ్చినప్పుడో, పంటకాలముననో, పెద్దల నుద్దేశించియో వ్రాయింతురు. మనము మన యరుగుమీద చుక్కలు, గీతలు, కంకులు, పక్షులు మన యిష్టమువచ్చినట్లు వేసికొనవచ్చును. ఒకరి పూజాచిత్రమును తెచ్చి చెప్పులు విడుచుచోట వేయుట మర్యాద గాదు.

ఇక చూరునకు వ్రేలాడదీయు వస్తువులు. విత్తనమునకుంచిన మొక్కజొన్న పొత్తుల పైపొరలను వెనుకకు మడిచి, జతజతగా ముడివైచి, వాసములకు వ్రేలాడదీయుట కొండయిండ్లలో కలదు. బంగారువన్నె గింజలు వరుసగా వ్రేలాడుచుండగా అంతకుమించిన తోరణము వేఱొకటి యేల? కాని అది రాబోవు సంవత్సరపు పంట. నేలమీద నుంచినచో చెమ్మ పట్టును, ఎలుక తినును. గాలి ఆడుచోట వ్రేలాడినచో చెడదు. పొయ్యిపొగ తగులుచోట నున్న పొత్తులను పురుగు అంతగా ముట్టదు. ఇట్లు విత్తనపుగాదెయే ఇంటికి సొమ్ముగా నమరినది.

వరికంకుల కుచ్చు మైదానమునను మన పెద్దలు కట్టుచుండెడివారు. గుమ్మమునకు, గుడిమండపమునకు కట్టి పిచ్చుకలకు విడిచెడివారు. దానిని కట్టు విధానము మఱచినవారికి చెప్పెదను. గింజ గట్టిపడి కాడలో ఇంకను కొంచెము పచ్చదనము మిగిలియుండగా మూరెడు కాడతో కంకులు కోయుడు. రెండుమూడు దినములు నీడను ఆరబెట్టుడు. ఎండలో వైచినచో గింజ రాలును. అల్లబోవుముందు కాడలను మాత్రము కొంతసేపు నీటిలో ఉంచినచో విఱుగక వంగును. పిడికెడేసి కాడలు జడవలె అల్లుచు, కంకులు క్రిందికి వ్రేలాడునట్లు వరుసగా చేర్చుకొనిపోవలెను. కట్టుటకు అడ్డనార మిక్కిలి శ్రేష్ఠము. అడ్డాకుతీగ ఆకు విస్తరికిని, నార త్రాటికిని మన్యమున చిరకాలమునుండి వాడుకలో నున్నవి.

ఐతే కంకి ఎప్పుడు కోయవలెను? మన్యమున దీనికొక కట్టుబాటు గలదు. కొర్రకొత్త, సామకొత్త, చిక్కుడుకొత్త అని పంటపంటకును కొత్తపండుగ చేయుదురు. గ్రామదేవతకు నివేదనచేసి, ఊరందఱు కలిసి పండుగ జరుపుకొన్నపిమ్మటనే ఆ కొత్తపంటను ముట్టుదురు. భక్తి యటుండగా, ఇందు మఱియొక ప్రయోజనమును గలదు. ఆకలిచేతనో ఆశచేతనో ఒకడు పండనిపంటను ముందుగా కోయకుండ ఊరంతయు ఒక్కమాటమీద నిలుచును. అలంకారమునకును ఈ నియమము వర్తించును: పండనిదానిని అందమునకై కోయరాదు.

వలిసెపూవు ఇందులకు మంచి దృష్టాంతము. అక్టోబరు నవంబరు నెలలలో ఈ పసుపుపొలములను చూచుటకు పట్టణములనుండి జనులు వేలకొలది అరకునకు వత్తురు. పొలములోనికి దిగి ఫొటోలు తీయించుకొని, పిడికెడు పూలు త్రుంచుకొని పోవుదురు. వారు మఱచు సంగతి యేమనగా, వలిసె తోటమొక్క గాదు, నూనెగింజ. ప్రతి పూవును కొన్ని గింజలు. ఆ గింజలు రైతునకు వంటనూనె, చేతిసొమ్ము. పైగా ఈ మొక్క తన పుప్పొడితో తాను గింజకట్టలేదు. తేనెటీగ వేఱొక మొక్కనుండి పుప్పొడి తేవలెను. జనుల త్రొక్కిడిలో పంట నలుగును; కావున కొందఱు రైతులు పొలములోనికి వచ్చువారియొద్ద కొంత రుసుము పుచ్చుకొనుచున్నారు. అది న్యాయమే. పసుపువన్నె కావలసినవారు పెరటిలో బంతి వేసికొందురుగాక. బంతి మెక్సికోదేశమునుండి వచ్చిన మొక్కయైనను మన గుమ్మమునకు చిరపరిచితమైనది. పూవు కోసినకొలది మఱల పూచును.

కొండచీపురుగడ్డి మఱియొకటి. దాని మెత్తని వెన్ను కలశమున నుంచదగినంత సొగసుగా నుండును. కాని అది ముదిరి కోతకు వచ్చునది పుష్యమాసమునకు పిమ్మట. అప్పుడు గిరిజనస్త్రీలు దానిని కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి అమ్ముదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొను అటవీవస్తువులలో ఇదియు నొకటి. శరత్తున లేతవెన్ను త్రుంచినచో ఒక కుటుంబపు చేతిసొమ్మును త్రుంచినట్లే. అడవిలోని ఇట్టి ఫలసాయముపై అచ్చటివారి హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టము గుర్తించినది. విహారమునకు వచ్చినవారికి ఆ హక్కు లేదు.

మఱి త్రుంచదగినవి లేవా? కావలసినన్ని కలవు. మెట్టపొలములలో మొలచు గునుగు పంటకు కలుపుమొక్క. దాని గులాబివన్నె వెన్ను ఎండినను వన్నె చెడదు. విత్తు రాలకముందే పెఱికి తెచ్చినచో రైతునకు ఉపకారము, అరుగునకు అందము. అడవిని ఆక్రమించుచున్న పులికంప విదేశపుమొక్క. పశువులు తిన్నచో విషము. దాని కొమ్మలను బెరడుతీసి ఉడికించి బుట్టలల్లుట దక్షిణదేశమున కొన్నిచోట్ల నేర్చిరి. కాఫీతోటలలో నీడకై పెంచు సిల్వరు ఓకు చెట్టు ఆకు పైన పచ్చగను క్రింద వెండివన్నెగను నుండును. రాలిన ఆకులను ఏరి, అడుగువైపు పైకి వచ్చునట్లు గ్రుచ్చినచో మంచి దండ యగును. చెట్టెక్కవలసిన పనియే లేదు.

ఆనపబుఱ్ఱను మఱువరాదు. తీగమీదనే ముదిరి, తొడిమ ఎండి, ఊపినప్పుడు గింజ గలగలలాడినచో కాయ సిద్ధమైనట్లు. దానిని తొలిచి ఎండబెట్టిన బుఱ్ఱలో నీరు, అంబలి తీసికొని కొండవాండ్రు పొలమునకు పోవుచుండెడివారు. నేడది ప్లాస్టికు సీసాలకు చోటిచ్చి చాలవఱకు చూరునకెక్కినది. తలక్రిందుగానో మూతితోనో వ్రేలాడదీయవలెను. నోరు తెఱచిన బుఱ్ఱలో, కుండలో, వెదురుబొంగులో వాననీరు నిలిచినచో దోమలు పెరుగును. మన్యమున చలిజ్వరము కొత్తమాట గాదు. పిల్లలున్న యిండ్లలో గురివిందగింజల దండలు, ఉమ్మెత్తకాయలు అరుగుమీద ఉంచరాదు. రెండును చూచుటకు ముచ్చటయైనను, నమలినచో ప్రాణాపాయము.

కాలము మాఱుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటి, కొండలలోను పెనుగాలులతో విజృంభించి, కాఫీతోటల నీడచెట్లను కూల్చినది. ఆశ్వయుజమాసము మన తీరమునకు తుపానుల కాలము కూడ ననుట మఱువరాదు. అట్టి రాత్రి గట్టి కప్పు క్రింద పండుకొనవలెనని ఎవరు కోరరు? 2023 నవంబరులో ప్రారంభమైన జన్‌మన్ పథకముక్రిందను, ఇతర పథకములక్రిందను గిరిజనులకు సిమెంటుయిండ్లు కట్టుచున్నారు. మట్టిగోడ అందముగా నున్నదిగదా యని వారిని అందులోనే యుండుమనుట చూడవచ్చినవారి స్వార్థమగును.

కాని కొత్తయింటికి పాతనేర్పు పనికిరాదనుకొనుటయు పొరపాటే. సిమెంటుగోడపై మట్టిపూత నిలువదు, నిజమే. ఐనను ముందఱి అరుగును మట్టితో కట్టి, చూరును దానిమీదికి దింపుకొనవచ్చును. పాతగోడ మిగిలియున్నవారు దానిపై సిమెంటు పూయకుందురుగాక. మట్టిగోడ చెమ్మను పీల్చి విడుచుచుండును. సిమెంటు దానిని లోననే బంధించుటచేత కొన్నాళ్లకు పూత అట్టలుగా ఊడుటయేగాక గోడయు చివుకును. గుమ్మమునకు ప్లాస్టికు మామిడాకులు కట్టినచో ఏడాదిపొడవున పచ్చగా నుండునని కొందఱందురు. ఏడాదిపొడవున ఒక్కతీరున నుండునది ఋతువును ఎట్లు చెప్పగలదు?

శ్రోతలలో మైదానవాసులు, పట్టణవాసులు పెక్కుమంది యుందురు. వారు చేయదగినది స్వల్పము. దసరాకును దీపావళికిని నడుమ ఒకదినము ఏర్పఱచుకొని, మొదట అరుగునందలి బీటలు, చూరునందలి కన్నములు చూడుడు, వానిని పూడ్చుడు. అటుపిమ్మట రంగు. అటుపిమ్మట ముగ్గు. చిట్టచివర తోరణము. ఈ వరుస తలక్రిందు చేసినచో పగిలిన గోడకు పూలదండ వేసినట్లగును. వస్తువు ఏదైనను తెచ్చునప్పుడు ఇది ఎవరి నోటిది, దీని పని తీఱినదా, తుదకు ఇది ఎచ్చటికి పోవును అను మూడుప్రశ్నలు వేసికొనుడు. మన్యపుటింటి యరుగుమీది వస్తువులన్నియు ఈ ప్రశ్నలకు నిలుచును. సంక్రాంతికి కంకులలో కొన్ని పిచ్చుకల కడుపులోనికి, పొత్తులు విత్తనపుబుట్టలోనికి, ఎండిన బంతిపూలు ఎరువుగోతిలోనికి పోవును. గోడమీది మన్ను రాబోవు వానకు కొంత కరగి, తాను వచ్చిన నేలలోనే కలియును. మఱుసటి శరత్తున అదియే మఱల గోడకెక్కును.